కర్మాగారంలో కృత్రిమ మేధకు ప్రభుత్వ నిధులు: కొలతతో మొదలుపెట్టి క్లెయిమ్ దాకా

తయారీ సంస్థలు కృత్రిమ మేధను వాడుకోవడానికి ప్రభుత్వం డబ్బు ఇస్తుందని తెలియగానే యజమానులు మొదట అడిగేది ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్నదే. ఆ ప్రశ్న సహజమే. కాని దానితో మొదలుపెట్టిన సంస్థలు తరచుగా ప్రకటనలో ఉన్న మాటలకు సరిపోయేలా తమ అవసరాన్ని మలుచుకుంటాయి, ఏడాది తిరిగేసరికి వాటికి మిగిలేది ఎవరూ చూడని ఒక డ్యాష్‌బోర్డు, మూలన పడిన రెండు కెమెరాలు. కర్మాగారంలో ఇప్పటికే జరుగుతున్న, అంకెల్లో చెప్పగలిగిన ఒక నష్టంతో మొదలుపెట్టాలి. ఆ అంకె చేతిలో ఉంటే దరఖాస్తు రాయడానికీ, సరఫరాదారుతో ఒప్పందం చేసుకోవడానికీ, ఫలితాన్ని నిరూపించడానికీ, చివరకు ఆడిటర్‌కు జవాబు చెప్పడానికీ అదే పనికొస్తుంది.

ముందు ఒక నష్టాన్ని ఎంచుకోవాలి

యంత్రాల పనితీరును కొలవడానికి పరిశ్రమలో చాలాకాలంగా వాడుకలో ఉన్న ఓఈఈ అనే సూచిక ఇందుకు బాగా ఉపయోగపడుతుంది. యంత్రం నడవవలసిన సమయంలో ఎంతసేపు నడిచింది, నడిచినంతసేపూ నిర్ణీత వేగంలో ఎంత వేగంతో నడిచింది, తయారైన వాటిలో మొదటిసారికే బాగున్నవి ఎన్ని అన్న మూడు నిష్పత్తులను గుణిస్తే ఓఈఈ వస్తుంది. లభ్యత 90 శాతం, వేగం 95 శాతం, నాణ్యత 99 శాతం ఉన్న ఉత్పత్తి లైను పైకి అన్ని విధాలా బాగున్నట్టే కనిపిస్తుంది, కాని మూడింటినీ గుణిస్తే 85 శాతానికి కాస్త తక్కువే తేలుతుంది. ఈ మూడింటిలో ఎక్కడ ఎక్కువ పోతోందో తెలిస్తే ఏ రకం ఏఐ కావాలో కూడా చాలావరకు తెలిసిపోతుంది. యంత్రాలు హఠాత్తుగా ఆగిపోవడం వల్ల లభ్యత తగ్గుతుంటే కంపనం, ఉష్ణోగ్రత, మోటారు తీసుకునే కరెంటు వంటి సంకేతాలను చూసి చెడిపోక ముందే హెచ్చరించే వ్యవస్థ గురించి ఆలోచించాలి. నాణ్యతలో పోతుంటే కెమెరాతో చేసే తనిఖీనో, ప్రక్రియలోని ఒత్తిడి, వేడి, వేగం వంటి అమరికలను లోపాలతో ముడిపెట్టి చూసే విశ్లేషణనో పరిశీలించాలి.

కొలత కనీసం మూడు నెలలు సాగితే మేలు, ఎందుకంటే ఒక నెలలో వచ్చిన ఆర్డర్లన్నీ ఒకే రకం సరుకువైతే ఆ నెల అంకెలు మిగతా ఏడాదికి వర్తించవు. బ్రేక్‌డౌన్ లాగ్‌బుక్‌లో కారణం రాయవలసిన గడిలో సగం చోట్ల 'ఇతరములు' అని ఉంటే ఏ వ్యవస్థా దాని నుంచి ఏమీ నేర్చుకోలేదు. ఆ గడిని ఎలా నింపాలో షిఫ్టు సూపర్‌వైజర్లతో కూర్చుని తేల్చుకోవడం ఈ మొత్తం ప్రయత్నంలో అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే లాభదాయకమైన పని అని నా అభిప్రాయం.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక లైనులో నెలకు 20,000 భాగాలు తయారవుతున్నాయి, వాటిలో 400 లోపంతో వస్తున్నాయి. తనిఖీ చేసేవారు 340 పట్టుకుంటున్నారు, 60 తప్పించుకుని కొనుగోలుదారుకు చేరి తిరిగి వస్తున్నాయి. ఇక్కడ సంస్థ అసలు సమస్య 400 కాదు, ఆ 60. కెమెరా తనిఖీ వ్యవస్థ అమ్మేవారు తమ మోడల్, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకుని నిర్ణయం చెప్పే ప్రోగ్రాం, 98 శాతం కచ్చితంగా చెబుతుందని అంటే మురిసిపోనక్కరలేదు, ఎందుకంటే ప్రతి భాగాన్నీ 'బాగుంది' అని కళ్లు మూసుకుని చెప్పే యంత్రం కూడా ఈ లైనులో 98 శాతం సరిగానే చెబుతుంది. అడగవలసిన ప్రశ్నలు రెండు: లోపమున్న వాటిలో ఎన్నింటిని వదిలేస్తుంది, బాగున్న వాటిలో ఎన్నింటిని అనవసరంగా పక్కన పెడుతుంది. బాగున్న 19,600 భాగాల్లో 3 శాతాన్ని పొరపాటున తిరస్కరించినా నెలకు 588 మంచి భాగాలు మళ్లీ తనిఖీకి వస్తాయి, అంటే అసలు లోపాల కంటే వీటి సంఖ్యే ఎక్కువ అవుతుంది. అందువల్ల లక్ష్యాన్ని ఇలా రాసుకోవాలి: తప్పించుకునేవి నెలకు 60 నుంచి 20కి మించకుండా తగ్గాలి, అనవసరపు తిరస్కరణ 1 శాతం లోపు, అంటే 196 భాగాల లోపు ఉండాలి. ఈ రెండు అంకెలు, ప్రభుత్వ వాటా కోసం చివర పెట్టే క్లెయిమ్ వరకు మనతోనే ఉంటాయి.

మరమ్మతుల విషయంలో చిక్కు వేరు. ఏడాదికి రెండుసార్లు మాత్రమే చెడిపోయే యంత్రం విషయంలో మోడల్ నేర్చుకోవడానికి ఉండేవి రెండు ఉదాహరణలే, కాబట్టి అది ఫలానా తేదీన చెడిపోతుందని చెప్పగలనన్న హామీని నమ్మడం కష్టం. యంత్రం ఆరోగ్యంగా నడిచేటప్పటి సంకేతాలను నేర్చుకుని, వాటి నుంచి పక్కకు జరిగినప్పుడు హెచ్చరించే పద్ధతి అక్కడ ఎక్కువ పనికొస్తుంది. యంత్రాన్ని నడిపించే నియంత్రణ కంప్యూటరు అయిన పీఎల్‌సీలోని అంకెలు ఎక్కడా నిల్వ కాకుండానే, పాత యంత్రాలకు సెన్సార్లు బిగించకుండానే ఏఐ ఫలితాలను లెక్కవేసుకోవడం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది. ఇంకొక నిజాయితీ పరీక్ష కూడా ఉంది. బేరింగు వేడి ఒక హద్దు దాటగానే మోగే మామూలు అలారంతో సమస్య తీరిపోయేటట్టయితే అది కృత్రిమ మేధ ప్రాజెక్టు కాదు. దరఖాస్తును చదివే నిపుణుడు ఆ ప్రశ్న తప్పకుండా వేస్తాడు, అంతకుముందే మనం వేసుకోవడం మంచిది.

నిధులు ఏయే రూపాల్లో ఉంటాయి

ప్రభుత్వ సహాయం అనగానే గ్రాంటు ఒక్కటే గుర్తుకొస్తుంది, కాని అనేక దేశాల్లో మొదట దొరికేది, తక్కువ కాగితాలతో దొరికేది సలహా. అమెరికాలో 1988 నాటి చట్టంతో మొదలైన మాన్యుఫ్యాక్చరింగ్ ఎక్స్‌టెన్షన్ పార్ట్‌నర్‌షిప్ ప్రధానంగా చిన్న, మధ్యతరహా తయారీ సంస్థలకు కేంద్రాల ద్వారా నిపుణుల తోడ్పాటు అందించేందుకు ఏర్పడింది, యంత్రాలు కొనుక్కోమని డబ్బు చేతికివ్వడం దాని పని కాదు. ఐరోపా సమాఖ్యలోని యూరోపియన్ డిజిటల్ ఇన్నోవేషన్ హబ్‌లు పెట్టుబడికి ముందే సాంకేతికతను పరీక్షించి చూసుకునే అవకాశాన్ని తమ ముఖ్య సేవల్లో ఒకటిగా పెట్టుకున్నాయి. భారత్‌లో కేంద్ర ప్రభుత్వ సమర్థ్ ఉద్యోగ్ కార్యక్రమం కింద నెలకొన్న కేంద్రాలు కూడా కొత్తతరం తయారీ పద్ధతులను చూపించడానికి, నేర్పించడానికి ఉద్దేశించినవే. పైన చెప్పిన లైను నుంచి లోపమున్నవీ లేనివీ కలిపి కొన్ని వందల భాగాలను ఇలాంటి చోటికి పట్టుకెళ్లి ఫొటోలు తీయించి చూస్తే, ఆ లోపం అసలు కెమెరాకు కనబడుతుందా లేదా అన్నది పెద్ద ఖర్చు లేకుండానే తేలిపోతుంది.

రెండో రూపం మ్యాచింగ్ గ్రాంటు, అంటే ఖర్చులో కొంత శాతం ప్రభుత్వం, మిగతాది సంస్థ భరించడం. బ్రిటన్‌లో 2017లో వెలువడిన ఒక సమీక్ష నుంచి రూపొందిన మేడ్ స్మార్టర్ కార్యక్రమం చిన్న తయారీ సంస్థలకు సలహాతో పాటు ఇటువంటి గ్రాంటును జోడించింది. సింగపూర్‌లోని ప్రొడక్టివిటీ సొల్యూషన్స్ గ్రాంటు మరో దారి పట్టింది. ముందుగా పరిశీలించి ఆమోదించిన పరిష్కారాల జాబితా నుంచి సంస్థ ఎంచుకోవాలి. జాబితా పద్ధతిలో దరఖాస్తు తేలిక, కాని మన లైనుకు సరిగ్గా సరిపడేది అందులో ఉంటుందన్న భరోసా లేదు.

మూడోది పన్ను మినహాయింపు. ఇది పరిశోధన, అభివృద్ధి అని నిరూపించగలిగిన పనికే వర్తిస్తుంది. అనేక దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ ప్రచురించే ఫ్రాస్కాటి మాన్యువల్ 2015 కూర్పు పరిశోధన అనదగిన పనికి ఐదు లక్షణాలు చెబుతుంది: అది కొత్తదై ఉండాలి, సృజనాత్మకమై ఉండాలి, ఫలితంలో అనిశ్చితి ఉండాలి, క్రమపద్ధతిలో సాగాలి, ఫలితం ఇతరులకు బదిలీ చేయగలిగేలా లేదా మళ్లీ సాధించగలిగేలా ఉండాలి. అనేక దేశాల నిబంధనల వెనుక ఈ ఆలోచనే కనిపిస్తుంది. దీని ప్రకారం మార్కెట్‌లో దొరికే తనిఖీ వ్యవస్థను కొని బిగించుకోవడం పరిశోధన కాదు. అదే వ్యవస్థ మెరిసే లోహపు ఉపరితలం మీది గీతలను గుర్తించలేకపోతే, వెలుతురు అమరికను, మోడల్‌ను మార్చుతూ, విఫలమైన ప్రయోగాలతో సహా నమోదు చేస్తూ సంస్థ పరిష్కారాన్ని వెతికితే ఆ భాగం పరిశోధన అయ్యే అవకాశం ఉంది. విఫలమైన ప్రయత్నాల నమోదును దాచవలసిన పనిలేదు, అనిశ్చితికి అదే గట్టి సాక్ష్యం. పరిశోధన ఖర్చులకు పన్ను ప్రోత్సాహకం ఇచ్చే కెనడాలోని ఎస్ఆర్ అండ్ ఈడీ పథకంలో క్లెయిమ్ చేయడానికి కంపెనీలకు ఆర్థిక సంవత్సరం ముగిసిన తర్వాత 18 నెలల గడువు ఉంటుంది, కాని అప్పుడు కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసిన నమోదులు పని జరిగిన రోజే రాసుకున్న వాటికి ఎప్పుడూ సాటిరావు.

ఇవి కాక తక్కువ వడ్డీ రుణాలు, రుణ హామీలు, శిక్షణ ఖర్చులకు ఇచ్చే తోడ్పాటు, 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఇండియాఏఐ మిషన్‌లో మాదిరిగా కంప్యూటింగ్ సామర్థ్యాన్ని అందుబాటులోకి తేవడం వంటివి ఉన్నాయి. ఒక మాటలో చెప్పాలంటే, సందేహం తీరని దశలో సలహా, పరీక్ష కేంద్రం. ఫలితం మీద నమ్మకం కుదిరాక గ్రాంటు. పరిష్కారాన్ని తామే కనిపెట్టవలసి వస్తే పన్ను మినహాయింపు అన్న వరస చాలా సంస్థలకు సరిపోతుంది.

సంతకం పెట్టే ముందు

గ్రాంట్లు చేజారే కారణాల్లో అన్నిటికంటే బాధ కలిగించేది తేదీ. సహాయం లేకపోతే ఈ పని జరిగేది కాదు అన్నది చాలా పథకాల వెనుక ఉన్న సూత్రం, అందువల్ల దరఖాస్తుకు ముందే, కొన్నిచోట్ల ఆమోదానికి ముందే మొదలుపెట్టిన పనికి డబ్బు రాదు. ఐరోపా సమాఖ్య సహాయ నిబంధనల్లో పరికరాల కోసం కట్టుబడే మొదటి ఆర్డరు ఇచ్చిన క్షణాన్నే పని మొదలైనట్టు లెక్కిస్తారు, సాధ్యాసాధ్యాల అధ్యయనం వంటి సన్నాహక పనులను మాత్రం అలా లెక్కించరు. సింగపూర్ పథకంలో కూడా దరఖాస్తుకు ముందు చెల్లింపు చేసి ఉండకూడదు, ఒప్పందం మీద సంతకం పెట్టి ఉండకూడదు. నెలాఖరులోపు ఆర్డరిస్తే తగ్గింపు ఇస్తామని సరఫరాదారు తొందరపెట్టినప్పుడు ఆ తగ్గింపు కంటే పోగొట్టుకునే గ్రాంటు ఎన్నో రెట్లు కావచ్చు. అడ్వాన్సు చెల్లించడం, కొనుగోలు ఆర్డరు పంపడం ఆమోద పత్రం చేతికి వచ్చే దాకా ఆపాలి, కొటేషన్లు తీసుకోవడం మాత్రం ఎప్పుడైనా చేయవచ్చు.

సంస్థ ఇదివరకు పొందిన సహాయాలన్నిటినీ ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం కూడా అవసరమే. ఐరోపా సమాఖ్యలో చిన్నమొత్తాల సహాయానికి 2024 జనవరి నుంచి మూడేళ్లకు 3 లక్షల యూరోల పరిమితి ఉంది, యాజమాన్యపరంగా ముడిపడిన కంపెనీలన్నిటినీ కలిపే దీన్ని లెక్కిస్తారు. ఒకే ఇన్వాయిస్‌ను రెండు పథకాలలో చూపించడం ఎక్కడైనా తప్పే. తెలియక జరిగినా డబ్బు వెనక్కి కట్టవలసి వస్తుంది.

ఇక నగదు సంగతి. ఎక్కువ గ్రాంట్లు తిరిగి చెల్లించే పద్ధతిలో ఉంటాయి, అంటే ముందు సంస్థ ఖర్చుపెట్టి, రుజువులు చూపించాక ప్రభుత్వం తన వాటా ఇస్తుంది. 50 శాతం సహాయం అన్న ప్రకటనను ఇలా విడదీసి చూడాలి. మొత్తం ఖర్చు 100 వంతులైతే పన్నులు, పాత యంత్రాల మరమ్మతు, ప్రాజెక్టు కాలం దాటిన సబ్‌స్క్రిప్షన్ వంటివి పోగా అర్హమైన ఖర్చు 80 వంతులే కావచ్చు. దానిలో సగం 40. అంటే సంస్థ 100 వంతులు ముందుగా సమకూర్చుకుని, కొన్ని నెలల తర్వాత 40 తిరిగి పొందుతుంది. ఈ మధ్యకాలానికి అయ్యే వడ్డీ, కెమెరా బిగించేటప్పుడు లైను ఆగిన రోజులు, డేటాకు లేబుళ్లు పెట్టడానికి, అంటే ఏ చిత్రంలో లోపం ఉందో ఏది బాగుందో గుర్తు పెట్టడానికి, తనిఖీదారులు వెచ్చించే గంటలు లెక్కలోకి తీసుకుంటే నిజమైన సహాయం ప్రకటనలోని శాతం కంటే గణనీయంగా తక్కువ. అసలు గ్రాంటే రాకపోయినా నాలుగైదేళ్లలో ఖర్చు తిరిగి వచ్చే ప్రాజెక్టునే ఎంచుకోవడం తెలివైన పని అని నేను అనుకుంటాను.

దరఖాస్తు రాయడం

దరఖాస్తును చదివే వ్యక్తి మన కర్మాగారాన్ని చూసి ఉండడు, ఒకే రోజు అలాంటివి ఎన్నో చదువుతూ ఉంటాడు. 'అత్యాధునిక కృత్రిమ మేధ సాంకేతికత ద్వారా నాణ్యతను విప్లవాత్మకంగా మెరుగుపరుస్తాము' అన్న వాక్యం అతనికి ఏమీ చెప్పదు. 'మూడు నెలల కొలతలో నెలకు సగటున 60 లోపభూయిష్టమైన భాగాలు తనిఖీని దాటి వెళ్తున్నాయని తేలింది. కెమెరా తనిఖీతో దీన్ని పన్నెండు నెలల్లో 20కి తగ్గిస్తాము, అనవసరపు తిరస్కరణ 1 శాతం దాటదు' అన్న రెండు వాక్యాలు చదివితే సమస్య, లక్ష్యం, గడువు, కొలిచే పద్ధతి అన్నీ ఒకేసారి అర్థమవుతాయి. కొలత పట్టికను అనుబంధంగా జతచేస్తే ఇంకా బలం చేకూరుతుంది.

పథకం ప్రకటనలో మార్కులు ఎలా కేటాయించారో ఉంటే దరఖాస్తును అదే వరసలో, అవే శీర్షికలతో రాయాలి. పనిని దశలుగా విడగొట్టి, ప్రతి దశకూ చివర చేతికి వచ్చేదేమిటో చెప్పాలి. ఉదాహరణకు, చిత్రాల సేకరణ ముగిసేసరికి ఫలానా రకాల లోపాలకు ఇన్నేసి లేబుల్ పెట్టిన చిత్రాలు. రెండో దశలో ఉత్పత్తిని తాకకుండా సమాంతరంగా నడిపిన పరీక్ష నివేదిక. మూడో దశలో ఒక షిఫ్టులో అమలు. రెండో దశలో అంకెలు రాకపోతే ప్రాజెక్టును ఆపేస్తామని ముందే రాయడం బలహీనత అనిపించుకోదు, ప్రజాధనం పట్ల బాధ్యతగానే కనిపిస్తుంది.

నష్టభయాలను దాచకుండా రాయాలి. వెలుతురు మారితే, ముడిసరుకు సరఫరాదారు మారితే, కొత్త డిజైను వస్తే మోడల్ పొరబడుతుంది, దానికి చేసే ఏర్పాటు ఏమిటో చెప్పాలి. ఇంతకాలం వేరుగా ఉన్న యంత్రాలను నెట్‌వర్క్‌కు కలపడం వల్ల భద్రత ముప్పు పెరుగుతుంది, కాబట్టి పారిశ్రామిక నియంత్రణ వ్యవస్థల భద్రతకు ఉద్దేశించిన ఐఈసీ 62443 ప్రమాణాలను ఎలా దృష్టిలో పెట్టుకుంటారో ఒక పేరా చేర్చాలి. మనుషుల గురించి కూడా రాయాలి: భాగాలను చూడవలసిన కెమెరా కార్మికులను చూడటం మొదలుపెడితే వ్యవహారం పూర్తిగా మారిపోతుంది. ఐరోపా సమాఖ్య ఏఐ చట్టం కార్మికుల పనితీరును, ప్రవర్తనను గమనించి మదింపు చేసే వ్యవస్థలను అధిక ప్రమాద వర్గంలో చేర్చింది, పని ప్రదేశంలో భావోద్వేగాలను గుర్తించే వ్యవస్థలను కొద్ది మినహాయింపులతో నిషేధించింది. తనిఖీదారుల పాత్ర ఎలా మారుతుంది, వారికి ఏ శిక్షణ ఇస్తారు అన్నది ముందుగా వారితోనే మాట్లాడి రాస్తే దరఖాస్తుకే కాదు, అమలుకూ మేలు. ఏ గీత లోపమో, ఏది కాదో మోడల్‌కు నేర్పవలసింది వారే.

సరఫరాదారుతో ఒప్పందం

ఎక్కువ పథకాలు పోటీ కొటేషన్లు అడుగుతాయి, యజమాని బంధువుల కంపెనీ నుంచి కొనడాన్ని అనుమానంతో చూస్తాయి. ఒప్పందంలో చివరి విడత చెల్లింపును పైన అనుకున్న రెండు అంకెలతో ముడిపెట్టాలి. వాటిని సరఫరాదారు తెచ్చిన నమూనాల మీద కాక, మోడల్ ఎప్పుడూ చూడని మన భాగాల మీద పరీక్షించాలి. చిత్రాలు, లేబుళ్లు ఎవరి ఆస్తి, సరఫరాదారు మారితే వాటిని ఏ రూపంలో ఇచ్చివెళ్తాడు, గ్రాంటు కాలం ముగిశాక ఏటా ఎంత కట్టాలి అన్నవి రాతపూర్వకంగా ఉండాలి. గ్రాంటు ముగిసిన మరుసటి ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టలేక ఆపేసిన వ్యవస్థ అసలు కొనని వ్యవస్థ కంటే ఎక్కువ నష్టం.

అమలు, రుజువులు, క్లెయిమ్

మొదటి కొన్ని వారాలు వ్యవస్థ తన నిర్ణయాన్ని నమోదు చేయాలి, భాగాలను పక్కన పెట్టే అధికారం మాత్రం తనిఖీదారుల దగ్గరే ఉండాలి. ఇద్దరి నిర్ణయాలూ వేరైన ప్రతి భాగాన్నీ విడిగా దాచి, వారానికొకసారి చూస్తే మోడల్ ఎక్కడ పొరబడుతోందో తెలియడమే కాక, ఇన్నాళ్లూ తనిఖీ ప్రమాణంలోనే ఎంత అస్పష్టత ఉందో కూడా బయటపడుతుంది.

కాగితాల పని ఈ రోజుల్లోనే సాగాలి. ప్రాజెక్టుకు ఒక విడి ఖాతా శీర్షిక తెరిచి, ప్రతి కొటేషన్, ఆర్డరు, ఇన్వాయిస్, బ్యాంకు చెల్లింపు రుజువు ఒకే వరసలో దొరికేలా ఉంచాలి. వీటిలో తేదీలు ఒకదాని వెనుక ఒకటి సరిగ్గా ఉన్నాయా అన్నదే ఆడిటర్ మొదట చూసేది. సిబ్బంది సమయాన్ని ఖర్చుగా చూపిస్తే ఏ రోజు ఏ పని మీద ఎన్ని గంటలు అన్నది అదే వారంలో రాసి సంతకాలు చేయించాలి. కెమెరా రకాన్ని మార్చవలసి వచ్చినా, గడువు జరపవలసి వచ్చినా ముందు నిధులిచ్చిన సంస్థకు రాసి, రాతపూర్వక అనుమతి వచ్చాకే ముందుకు వెళ్లాలి. ఫోనులో 'పరవాలేదు' అన్న మాట క్లెయిమ్ సమయంలో పనికిరాదు.

అకౌంటెంట్‌తో ముందే మాట్లాడుకోవలసిన విషయం ఒకటుంది. అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ఐఏఎస్ 20 ప్రకారం ఆస్తి కొనుగోలుకు వచ్చిన గ్రాంటును ఆ ఆస్తి విలువలోంచి తగ్గించవచ్చు, లేదా వాయిదా పడిన ఆదాయంగా చూపి ఆస్తి వాడకం కాలమంతటా పంచవచ్చు. పన్ను ప్రభావం ఆయా దేశ చట్టాన్ని బట్టి మారుతుంది. గ్రాంటుతో కొన్న పరికరాలను నిర్ణీత కాలం అమ్మకూడదు, తరలించకూడదు అన్న షరతు కూడా సాధారణమే, కాబట్టి లైనును వేరే చోటికి మార్చే ఆలోచన ఉంటే సంతకానికి ముందే చెప్పాలి.

చివరి నివేదికలో మొదట కొలిచిన పద్ధతిలోనే, అదే నిర్వచనంతో మళ్లీ మూడు నెలల కొలత చూపించాలి. తప్పించుకునేవి 20కి బదులు 28 వద్ద ఆగితే 28 అనే రాసి, కారణం వివరించాలి. దాని తర్వాత కూడా నెలకొకసారి కొన్ని వందల భాగాలను మనుషులతో మళ్లీ తనిఖీ చేయించి మోడల్ నిర్ణయాలతో పోల్చి చూసే పనిని ఎవరికో ఒకరికి పేరుపెట్టి అప్పగించాలి. పనిముట్లు అరిగి, ముడిసరుకు మారి, కెమెరా అద్దం మీద నూనె పొర పేరుకుని మోడల్ కచ్చితత్వం నెమ్మదిగా జారిపోవడాన్ని ముందుగా పట్టి చూపేది ఆ నెలవారీ పోలికే.